ఆ 11,500 లైన్లు

ఈ వారం ఆఫీసులో ఒక పాత లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడు) పీకేశాం, ఫంక్షన్ల పేర్లు, వాటికిచ్చే ఇన్‌పుట్ల వరస అలాగే ఉంచి లోపలి కోడంతా మేమే రాసుకున్నాం, దాంతో దాన్ని వాడే మిగతా ప్రోగ్రాముల్లో ఒక్క లైను కూడా మార్చాల్సిన పని పడలేదు. ఆండ్రాయిడ్ కోసం గూగుల్ చేసిందీ ఇంచుమించు ఇదే. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలోంచి దాదాపు 11,500 లైన్ల డిక్లరేషన్లు (ఫంక్షన్ల పేర్లు, ఇన్‌పుట్లు చెప్పే లైన్లు) ఉన్నదున్నట్టు తీసుకుంది, 2010లో జావా హక్కులున్న ఒరాకిల్ కంపెనీ కేసు వేసింది, 2021లో అమెరికా సుప్రీంకోర్టు 6-2తో ఇది ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండా వాడుకున్నా చెల్లే వాడకం) అంది.

అసలు ఇంటర్‌ఫేస్‌కి, అంటే ఆ పేర్లకీ ఇన్‌పుట్ల వరసకీ, కాపీరైట్ ఉంటుందా అన్నది మాత్రం తేల్చలేదు, ఉందనే అనుకుందాం అని దాటేశారు (ఇన్నేళ్లు కొట్లాడాక!). నా మటుకు ఉండకూడదు. రెండు సంఖ్యల్లో పెద్దదాన్ని ఎలా కనిపెట్టాలో రాసిన కోడు రాసినవాడిదే, ఒప్పుకుంటా, కానీ దాన్ని మ్యాక్స్ అని పిలవడానికీ వాడి పర్మిషన్ కావాలంటే ఎలా? ఆ పేర్లన్నీ కూర్చుని నేర్చుకున్నది మనం. జావా మాకు అన్నం పెడుతోంది, అయినా ఈ విషయంలో నేను గూగుల్ వైపే.