ఎన్నిసార్లు విన్నా మొహం మొత్తని మెటల్

నేను వినే హెవీ మెటల్ సంగీతమంతా మా ఆవిడకి ఒకటే మోత. మిక్సీ తిరుగుతున్నా తేడా తెలీదంటుంది. నేనేమో తాలింపు వేస్తూ కూడా బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ వాళ్ల ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ (1971) ఆల్బమ్ పెడతాను.

అది మొదలవడమే దగ్గుతో మొదలవుతుంది. గిటారిస్టు టోనీ అయోమీ దగ్గే. వెంటనే బండరాయి దొర్లినట్టు గిటార్. కుర్రాడిగా బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆయన కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతివాటం మనిషి, తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే! ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు. ఈ ఆల్బమ్‌లో కొన్ని పాటలకి తీగలు వదులు చేసి శ్రుతి దించాడు. ఆ బరువు అక్కడిదే.

మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ (1986)లో నాకు ‘ఓరియన్’ పాట చాలు. ఎనిమిది నిమిషాలు, గొంతే ఉండదు. మధ్యలో వాయిద్యాలన్నీ సద్దుమణిగి బేస్ (లోతైన స్వరాల గిటార్) ఒక్కటే నడుస్తుంది. ఆ తర్వాత వచ్చే సోలోల్లో ఒకటి మామూలు గిటార్ అనే చాన్నాళ్లు అనుకున్నా. మంచి ఇయర్‌ఫోన్స్ కొన్నాక తెలిసింది, అదీ ఆ బ్యాండ్ బేసిస్టు క్లిఫ్ బర్టన్ బేసే అని. ఆ సెప్టెంబర్‌లోనే స్వీడన్‌లో బస్సు బోల్తాపడి పోయాడు. 24 ఏళ్లు.

స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’ గొప్పదే, అరగంట కూడా ఉండదు. కానీ పొద్దున్నే నా వల్ల కాదు.

ఐరన్ మెయిడెన్ ‘పవర్‌స్లేవ్’ (1984) మాత్రం రాత్రికి. చివరి పాట 13 నిమిషాల పైనే. ఆ పాట నడుమ ఓడ చెక్కలు కిర్రుమన్న చప్పుడు వస్తుంటే మా ఆవిడ లేచి తలుపు గడియ చూసొస్తుంది.