పూతకు ఆరు వారాల ముందే మొదలయ్యే తేనె

తేనెటీగలను సరదాగా పెంచేటప్పుడు పెట్టెను చూడాలనిపించి తెరుస్తాం. తేనె అమ్మి బతకాలనుకున్నప్పుడు ఏదో ఒకటి తేల్చుకోవడానికే తెరుస్తాం. చాలా ఏళ్లు మొదటి పద్ధతిలో గడిపి, నెమ్మదిగా రెండో దారికి వచ్చిన నాకు ఆ మార్పులో అన్నిటికంటే ముఖ్యమని తోచింది కాలాన్ని వెనక్కి లెక్కపెట్టడం.

వ్యాపారానికి ఎక్కువగా పెంచే ఎపిస్ మెల్లిఫెరా జాతిలో రాణి పెట్టిన గుడ్డు కూలీ ఈగగా బయటికి రావడానికి 21 రోజులు పడుతుంది. ఆ ఈగ వెంటనే పూల మీదికి వెళ్లదు. గదులు శుభ్రం చేస్తూ, పిల్లలకు మేత పెడుతూ, మైనంతో పట్టు కడుతూ మరో మూడు వారాల దాకా పెట్టెలోనే పనిచేసి, ఆ తర్వాతే మకరందం తేవడానికి బయలుదేరుతుంది. అంటే పూత విరగబూసిన రోజున మనకు తేనె తెచ్చే ఈగ, సుమారు ఆరు వారాల కిందట గుడ్డుగా ఉండి ఉండాలి. పూత వచ్చాక బలం పెంచుదామని మేత పెడితే, అప్పుడు పెరిగిన ఈగలు పూలు రాలిపోయాక చేతికొచ్చి, ఉన్న తేనెను తినేస్తాయి. అందుకే నేను పూత తేదీని అంచనా వేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టి, ఆ రోజుకల్లా రాణికి గుడ్లు పెట్టే చోటూ, పెట్టెలో పుప్పొడి నిల్వా ఉండేలా చూస్తాను. అవసరమైతే చక్కెర పాకం పెడతాను కానీ, ఈగలు తేనె నింపే పై అరలు ఎక్కించేలోపు దాన్ని పూర్తిగా ఆపేస్తాను. పాకం కలిసిన దాన్ని తేనె అని అమ్మడం కల్తీయే. ఇందులో నాకు మరో మాట లేదు.

బలం పెరిగిన పెట్టెకు తనదైన ప్రమాదం ఉంది. చోటు ఇరుకైతే ఈగలు కొత్త రాణిని తయారుచేసుకుని, పాత రాణితో సగం పైగా గుంపు లేచిపోతుంది. ఈగలు పట్టు కట్టే చట్రాన్ని పైకెత్తి అడుగు అంచు చూస్తే, వేరుశనగకాయలా కిందికి వేలాడే రాణి గది కనిపిస్తుంది. దానికి మూత పడిందంటే గుంపు బయలుదేరే వేళ అయినట్టే. కాబట్టి ఆ కొద్ది వారాలు వారానికొకసారి చూడక తప్పదు. మిగతా కాలంలో ద్వారం దగ్గర రాకపోకలూ, పెట్టె బరువూ చాలావరకు సంగతి చెప్పేస్తాయి.

కట్టి ఉన్న ఖాళీ పట్టును నేను పెట్టెలకంటే విలువైన ఆస్తిగా చూస్తాను. కిలో మైనం తయారుచేయడానికి ఈగలు దానికి కొన్ని రెట్లు తేనె తింటాయి. ఈగ నడిచేంత సందు వదిలితే అవి దాన్ని మూయవని 1851లో అమెరికా తేనెటీగల పెంపకందారు లాంగ్‌స్ట్రాత్ గుర్తించి, కదిలే చట్రాల పెట్టెకు రూపమిచ్చారు. 1865లో మరో పెంపకందారు హ్రుష్కా చట్రాలను గిరగిర తిప్పి తేనె తీసే యంత్రాన్ని చూపించారు. తేనె తీశాక పట్టు చెడకుండా మళ్లీ ఈగలకే ఇవ్వడం ఈ రెండింటి వల్లే సాధ్యమైంది. అలా తిరిగొచ్చిన పట్టును మైనపు పురుగు తినకుండా దాచుకోవడం, తేనె తీయడమంత ముఖ్యమైన పని.

ఈగల ఒంటిని పట్టుకుని పీల్చే వరోవా నల్లి విషయంలో కంటిచూపును నమ్మకూడదు. పిల్లలున్న పెట్టెలో నల్లుల్లో ఎక్కువ భాగం మూతపడిన గదుల్లోనే దాగి ఉంటాయి. సుమారు 300 ఈగలను, అంటే అరకప్పు ఈగలను, ఆల్కహాల్‌లో కడిగి రాలిన నల్లులను లెక్కపెట్టాలి. వంద ఈగలకు మూడు దాటితే నల్లిని అదుపు చేయడంలో ఆలస్యం చేయకూడదు. ఆ ఈగలు చచ్చిపోతాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అయినా లెక్క చూడకపోతే పోయేది మొత్తం పెట్టె.

ఇక తేమ. ఈగలు మూత వేయని తేనెను తొందరపడి తీస్తే, డబ్బాలో పులిసిపోతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు సాధారణంగా 20 శాతం దాకా తేమను ఒప్పుకుంటాయి. నేను 18 దాటనివ్వను. తేమ శాతాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక్క చుక్క వేసి, మూత మూసి, వెలుతురుకేసి పెట్టి చూస్తే, నీలం, తెలుపు కలిసే గీత అంకెల పక్కన నిలుస్తుంది. ఇంట్లోవాళ్లకు రెండు సీసాలు ఇచ్చే రోజుల్లో ఈ పరికరం లేకపోయినా గడిచింది. పెద్ద డబ్బాల్లో నిల్వ చేసేటప్పుడు మాత్రం, తేమ ఎక్కువున్న కొన్ని చట్రాల తేనె కలిసినా డబ్బా మొత్తానికి ముప్పే.

అమ్మకాల్లో నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న పేరుకున్న తేనె గురించి. గ్లూకోజ్ ఎక్కువున్న తేనె త్వరగా గడ్డకడుతుంది, అది చక్కెర కలిపిన గుర్తు కాదని ప్రతి కొనుగోలుదారుకూ ఓపికగా చెబుతాను. మళ్లీ కరిగించాలంటే సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే చాలు. ఎక్కువ వేడి తగిలితే తేనెలోని ఎంజైములు దెబ్బతింటాయి, సువాసన పోతుంది. అందుకని పూత పేరు, తీసిన తేదీతో పాటు, మరిగే నీళ్లలో పెట్టవద్దనే మాటను కూడా ఇప్పుడు సీసా మీదే అచ్చు వేయిస్తున్నాను.