నాకంటే రెండేళ్లు చిన్న

"పెద్దాయనా, మీరు కూర్చోండి" అని లేచి కుర్చీ ఇచ్చాను. ఇద్దరం బీపీ చూపించుకోడానికి వచ్చినవాళ్లమే. ఆయన చేతిలోని చీటీ మీద వయసు కనపడింది. 51. నాకు 53!

ముందు పళ్లు రెండు లేవు. మడమల నిండా పగుళ్లు. నైట్ డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చాడట. మాత్రలు ఆపేసి నాలుగు నెలలైంది. "బానే ఉంది కదా సార్ అని..." అన్నాడు. నేనేమో ఏటా చెకప్‌కి వెళ్లి, కొలెస్ట్రాల్ కాస్త పెరిగితే చాలు, టెన్షన్ పడే రకం.

అమెరికాలో 2001 నుంచి 2014 దాకా లెక్కలు తీస్తే, బాగా డబ్బున్న 1 శాతం మగవాళ్లు, అట్టడుగు 1 శాతం కంటే 14.6 ఏళ్లు ఎక్కువ బతుకుతున్నారని తేలింది. బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగుల్లోనైతే హోదా ఒక్కో మెట్టు తగ్గేకొద్దీ గుండె జబ్బు చావులు పెరిగాయి. సిగరెట్లు, బీపీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. ఇవన్నీ చదివినవే. అంకెలే కదా అని పేజీ తిప్పేశాను.

ఇవాళ ఆ అంకె నా పక్కనే కూర్చుంది.

నర్సు పిలిచింది. ఆయన వంతు. లేవబోయి ఆగి, నావైపు చూశాడు.

"మీకు ఆఫీసు టైమవుతుందేమో సార్, ముందు మీరెళ్లండి."