టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్: నా అనుభవం

నలభై దాటాక కోరిక సన్నగిల్లింది, సాయంత్రానికి నీరసం. షుగర్ ఉంది కదా, దానివల్లే అనుకున్నా. తిరుపతిలో ఒక క్లినిక్‌కు వెళితే సాయంత్రం పూట రక్తం తీసి, రిపోర్టు రాగానే "హార్మోన్ తక్కువుంది, సూది వేసేద్దాం" అన్నారు. ఆ తొందర నచ్చక స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల విభాగం) ఓపీకి వెళ్లా.

అక్కడి డాక్టర్ మేడమ్ ఆ రిపోర్టును పట్టించుకోలేదు. టెస్టోస్టిరాన్ అనే ఈ మగ హార్మోన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుందట. పది గంటల్లోపు, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూడాలన్నారు. రెండుసార్లూ డెసిలీటరుకు 300 నానోగ్రాముల కన్నా తక్కువే వచ్చింది, అంటే నిజంగానే లోటుంది.

తర్వాత అడిగిన మాటకు బిత్తరపోయా. "ఇంకా పిల్లలు కావాలా?" బయటి నుంచి హార్మోన్ అందితే, మెదడు అడుగున ఉండి వృషణాలకు ఆదేశాలిచ్చే పిట్యూటరీ గ్రంథి తన పని తగ్గించేస్తుంది, వీర్యకణాలు పడిపోతాయి. మాకు ఇద్దరున్నారు, చాలన్నాను. పెళ్లి కాకముందే కండల కోసం ఈ సూదులు వేసుకునే కుర్రాళ్లను ఈ మాట ఎవరడుగుతున్నారో!

భుజాలకు రాసుకునే జెల్ కూడా ఉందన్నారు. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి, ఆరాక చొక్కా తొడుక్కోవాలి. పిల్లల ఒంటికి అంటితే వయసు రాకముందే మార్పులు మొదలవుతాయి. మా చిన్నదేమో నా భుజం మీద తప్ప నిద్రపోదు. సూదే నయమన్నాను.

1000 మిల్లీగ్రాముల నూనె మందు. పిరుదులో లోతుగా, మెల్లగా ఎక్కించి అరగంట అక్కడే కూర్చోబెట్టారు. నూనె రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరితే దగ్గు, ఆయాసం వస్తాయట. నాకేమీ కాలేదు. రెండోది ఆరు వారాలకు, ఆపైన సుమారు మూడు నెలలకోసారి.

కోరిక, హుషారు మెల్లగా తిరిగొచ్చాయి. వాటితోపాటు వీపు నిండా మొటిమలు. "కాలేజీ కుర్రాడివయ్యావు" అని మా ఆవిడ ఒకటే నవ్వు.

ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష బాగానే ఉంది. టెన్షన్ పెట్టింది హెమటోక్రిట్. రక్తంలో ఎర్రకణాల శాతం అది. మందు మొదలెట్టకముందు 45 ఉండేది, 52కి ఎక్కింది. 54 దాటితే మందు ఆపాల్సిందే, రక్తం చిక్కబడితే గడ్డలు కట్టే ముప్పు. "గురక పెడతారా?" అని మేడమ్ అడిగితే నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ "వీధి చివరికి వినిపిస్తుంది మేడమ్" అంది. నిద్రలో ఊపిరి ఆగుతూ ఉన్నా ఎర్రకణాలు పెరుగుతాయట. స్లీప్ స్టడీ రాశారు. అది చూశాకే తర్వాతి సూది.