అరసవల్లిలో మబ్బు పట్టిన పొద్దు

తెల్లవారుజామున మూడున్నరకి విజయనగరంలో బయల్దేరాం, అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడికి. కారులో నేను, బావ, బాబాయ్. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, క్యూలో నిలబడలేదు. "సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడగానే నా పేరు చెప్పి దండం పెట్టండి" అని గేటు దాకా వచ్చి మరీ చెప్పింది.

బాబాయ్ రిటైరైన లెక్కల మాస్టారు. కుర్రతనం నుంచీ ఎర్రజెండా మనిషి. గుడికి వస్తున్నది లెక్క సరిచూసుకోవడానికే అంటాడు. బావ భక్తుడు, పైగా ఇంకో పార్టీకి వీరాభిమాని. ఆయనలో భక్తి ఎక్కడ ఆగి పార్టీ ఎక్కడ మొదలవుతుందో మా అక్కక్కూడా తెలీదు.

రణస్థలం దాటకుండానే వాదన మొదలైంది. కారు అద్దానికి పట్టిన ఆవిరి మీద బాబాయ్ వేలితో అడ్డంగా గీత గీశాడు.

"ఇది తూర్పు దిక్కు. మార్చి 21, సెప్టెంబరు 23 దగ్గర సూర్యుడు సరిగ్గా నడిమధ్యన పొడుస్తాడు. సెప్టెంబరు తర్వాత రోజూ కాస్త దక్షిణానికి జరుగుతాడు. అక్టోబరు మొదట్లో నాలుగు డిగ్రీలు పక్కన ఉంటాడు. డిసెంబరు దాకా అలా పోయి, వెనక్కి తిరిగి, మార్చి 9, 10 తేదీలకి మళ్ళీ ఇదే చోటికొస్తాడు. గుమ్మాలన్నీ ఆ చోటికి ఎదురుగా పెట్టారు. పోయేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి వెలుగు లోపల పడుతుంది. అంతే."

"ఆ లెక్క వాళ్ళ బుర్రలో పెట్టిందెవరు మావయ్యా?" అన్నాడు బావ.

"మేస్త్రీ."

దేవేంద్రుడు వజ్రాయుధంతో పుష్కరిణి తవ్వి, స్వామిని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. కళింగ గంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చరిత్ర. పేరు కలవడం బావకి సాక్ష్యం, బాబాయ్‌కి నవ్వులాట. నాకు మాత్రం, ఏ యంత్రమూ లేకుండా ఏళ్ళ తరబడి సూర్యోదయాలు చూసి గుమ్మాలు నిలబెట్టిన ఆ పేరు తెలియని మేస్త్రీయే ఇంద్రుడి కంటే గొప్పవాడనిపించాడు.

గుళ్ళో అనివెట్టి మండపం దగ్గర ఊపిరాడని జనం. ఆరయింది. అందరి మెడలూ వెనక్కి, తూర్పు వైపు తిరిగి ఉన్నాయి. అక్కడ గేదె వీపులాంటి మబ్బు. ఆరూ పది. మబ్బు కదల్లేదు. లోపల నల్లరాతి విగ్రహం మీద దీపాల వెలుగే తప్ప ఇంకేమీ లేదు.

"ఈ గవర్నమెంటొచ్చినకాడి నుంచీ ఇంతే" అన్నాడు నా ముందు పెద్దమనిషి.

"మరి మీవోళ్ళున్నప్పుడు మబ్బెయ్యలేదేటి?" అంది వెనక నుంచి ఒకావిడ.

ఉత్తరాంధ్రలో అక్టోబరంటే ఇంకా వానల కాలమేనన్న మాట ఎవరికీ తోచలేదు. క్యూ కదిలేదాకా ఏ పార్టీ హయాంలో ఎన్నిసార్లు కిరణాలు పడ్డాయో లెక్కలు తేలుస్తూనే ఉన్నారు.

టిఫిన్ దగ్గర అసలు అద్భుతం జరిగింది. ఇడ్లీ తుంచుతూనే బావ ఫోన్ తీశాడు. వాట్సాప్‌లో వీడియో: "ఈరోజు అరసవల్లిలో అద్భుతం, స్వామి పాదాలు తాకిన భానుడి కిరణాలు". పాదాల మీద బంగారు వెలుగు. ఎప్పటిదో ఏమో. గంట కింద గర్భగుడి ముందు చీకట్లో నిలబడ్డ మనిషి, నా కళ్ళ ముందే దాన్ని మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు.

"బావా, మనం చూళ్ళేదు కదా?"

"మనం చూడకపోతే పడనట్టా?"

బాబాయ్‌కి 1995 సెప్టెంబరు 21 గుర్తొచ్చింది, వినాయకుడు పాలు తాగిన రోజు. విశ్వహిందూ పరిషత్ దాన్ని అద్భుతమంది. మా ఇంట్లో బాబాయ్ స్టీలు చెంచాలో పాలల్లో కుంకుమ కలిపి విగ్రహం తొండానికి ఆనించాడు. చెంచా అంచున పాలు ఉబ్బి, రాయికి తగలగానే జారుకున్నాయి. బొజ్జ మీంచి పీట దాకా సన్నటి ఎర్ర చార. ఢిల్లీలో శాస్త్రవేత్తలూ రంగు పాలతో ఇదే చూపించారు. మా నానమ్మ ఆ చారని కొంగుతో తుడిచేసి, మళ్ళీ చెంచా పట్టింది.

"ఇప్పుడు నువ్వూ అదే పని చేస్తున్నావు" అన్నాడు బావతో.

బావ ఊరుకునే రకమా? "మరి చైనా వరి సంగతి చెప్పండి మావయ్యా" అన్నాడు. ఇంట్లో అందరికీ తెలిసిన గుట్టే అది. 1958లో చైనా పత్రికలు ఒక ఫోటో వేశాయి. పంట ఎంత ఒత్తుగా ఉందంటే, పిల్లలు దాని మీద నిలబడ్డారు! వేరే మళ్ళలో పైరు పీకి తెచ్చి ఒక్కచోట కుక్కిన మోసమది. అప్పటికే అక్కడ కరువు దగ్గరకొచ్చేసింది. కుర్రప్పుడు బాబాయ్ ఆ ఫోటో చూసి చాన్నాళ్ళు నమ్మాడు. పైరు మీద మనిషి నిలబడితే ఏమవుతుందో పొలాల్లో పుట్టిన ఆయనకి ఒకరు చెప్పాలా?

బాబాయ్ కాఫీ వైపు చూస్తూ, "నమ్మాలనిపించింది" అన్నాడు. అంతకు మించి మాట్లాడలేదు. నేనూ నోరు మూసుకున్నాను. నాకు గిట్టని నాయకుడి మీద వీడియో వస్తే రెండోసారి చూడకుండా నమ్మేసే బాపతు నేను.

అక్కణ్ణించి వెళ్ళిన శ్రీకూర్మం గుడిలో ఎక్కువసేపు ఉండలేదు. నక్షత్ర తాబేళ్ళు తోటకూర నమలడం చూశాం. కాశీకి సొరంగం ఉందని చెప్పే చోటు దగ్గర బావ దండం పెట్టాడు, బాబాయ్ వంగి చూశాడు.

అక్కడే అమ్మ ఫోన్. గ్రూపులో వీడియో చూసిందట, గొంతు వణుకుతోంది. ఏం చెప్పాలో తోచక బాబాయ్‌కిచ్చాను.

"పడ్డాయి వదినా" అన్నాడు బాబాయ్. "బాగా పడ్డాయి. నీ పేరు చెప్పి దండం కూడా పెట్టాను."