పెరటి కోళ్లకు నట్టల మందు: కావలి నుంచి నా లెక్కలు

నవంబర్ 24
వారం నుంచి వాన వదల్లేదు. మా వైపు ఏడాదికి అసలు వానలు ఇవే కాబట్టి తిట్టుకోలేను, కానీ పెరడంతా బురద. పదకొండు నాటు కోళ్లలో నల్లపెట్ట రెక్కలు వాల్చుకొని మూలన నిలబడుతోంది. తురాయి పాలిపోయింది. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తిలా తగిలింది. మేత మాత్రం తింటూనే ఉంది. తెల్లారి రెట్ట చూస్తే నూకల్లాంటి తెల్లటి ముక్కలు. చూడగానే టెన్షన్ మొదలైంది.

అక్టోబర్‌లో పిపరాజిన్ అనే నట్టల మందు నీళ్లలో కలిపి పెట్టాను. అందరికీ అందిందనే అనుకున్నాను. ఇప్పుడు గుర్తుచేసుకుంటే డేగ పుంజు ముందు తాగింది, దాని వెంట బలమైన పెట్టలు తాగాయి. నల్లపెట్ట గేదెల తొట్టి దగ్గరికి పోయింది.

నవంబర్ 25
రెట్టను చిన్న డబ్బాలో వేసుకొని పశువుల ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు గారు చూసి, అవి బద్దె పురుగు ముక్కలని చెప్పారు. పిపరాజిన్ ఏలిక పాములకే పనిచేస్తుందట, బద్దె పురుగును తాకదట. ఆల్బెండజోల్ రాసిచ్చారు, కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల లెక్కన. మూడు వారాలకు మళ్లీ వేయమన్నారు.

నవంబర్ 26
తెల్లవారుజామున గూడు తలుపు తీయకముందే ఒక్కొక్కదాన్ని పట్టుకున్నాను. వెలుతురు వచ్చాక వీటి వెనక పరిగెత్తడం మనవల్ల కాదు. గుడ్డ సంచిలో వేసి వేలాడే తూకానికి తగిలించాను. నల్లపెట్ట 1.1 కిలోలే తూగింది, డేగ పుంజు 2.4. నా సీసాలో మందు 2.5 శాతం, అంటే మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు. నల్లపెట్టకు 0.9 మిల్లీలీటర్లు, పుంజుకు 1.9. సూది తీసేసిన రెండు మిల్లీలీటర్ల సిరంజి వాడాను. ముక్కు పక్క నుంచి కొంచెం కొంచెంగా వదిలి, మింగేదాకా ఆగాలి. నాలుక వెనకే ఊపిరి గొట్టం రంధ్రం ఉంటుంది, ఒక్కసారిగా తోస్తే మందు అందులోకి పోతుంది. పదకొండుకీ గంట పట్టింది. నీళ్లలో కలపడం ఎంత తేలికైనా ఇక ఆ దారి పట్టను. జబ్బుపడిన కోడే తక్కువ తాగుతుంది.

గుడ్లు పది రోజులు తినొద్దన్నారు. తినలేదు, పొదగడానికీ పెట్టలేదు.

డిసెంబర్ 5
ఎండ కాసింది. గూట్లో పాత వరిపొట్టు గీకి తీసేసి, నేల రెండు రోజులు ఎండబెట్టి కొత్తది పరిచాను. ఏలిక పాము గుడ్లు తడి నేలలో నెలల తరబడి బతుకుతాయి. బద్దె పురుగు మాత్రం చీమలు, పేడ పురుగుల కడుపులో పెరిగి, కోడి వాటిని తిన్నప్పుడు లోపలికి చేరుతుంది. మా పేడ దిబ్బ గూటికి నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. ఇన్నాళ్లూ అది అక్కడే ఉంచినందుకు బాధపడ్డాను.

డిసెంబర్ 17
రెండో మోతాదు. మళ్లీ తూచే వేశాను, గుడ్లకు మళ్లీ పది రోజులు.

జనవరి 4
నల్లపెట్ట 1.35 కిలోలు. తురాయి ఎర్రబడింది. నాలుగు రోజులుగా రెట్టలో ముక్కలు లేవు. ఇవాళ మధ్యాహ్నం గంపలోకి ఎక్కి గుడ్డు పెట్టింది. పేడ దిబ్బ మార్చడానికి రేపు పొద్దున మనిషిని పిలిచాను.