బుర్రు ఆగింది, గొంతు మిగిలింది

హామ్ రేడియోలో (అభిరుచి కొద్దీ ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో) 40 మీటర్ల బ్యాండ్ పెడితే చాలు, మా ఇంట్లో బుర్రుమని ఒకటే రొద. వీధిలో ఎల్‌ఈడీ బల్బులు, మాకేమో ఇన్వర్టర్, పక్కింటి చార్జర్లు... అన్నీ కలిసి ఆ బ్యాండ్ ఉండే 7 మెగాహెర్ట్జ్ మీద కచేరీ పెడతాయి. "ఏవండీ, ఆ గోల కాస్త ఆపుతారా" అని వంటింట్లోంచి రోజూ వినిపించేది.

మొన్న డీఎస్పీ (శబ్దాన్ని అంకెలుగా మార్చి రొదను వడకట్టే ఏర్పాటు) ఉన్న బయటి స్పీకర్ కొన్నాను. రేడియో వెనక జాక్‌లో వైరు పెట్టి, 12 వోల్టుల కరెంటు ఇచ్చి, బటన్ నొక్కా. రొద ఒక్కసారిగా తగ్గిపోయింది! సెట్టే ఆగిపోయిందేమోనని కంగారుపడ్డా. అంతలో ఎవరిదో గొంతు.

అయితే రేడియోలో సిగ్నల్ బలం చూపే మీటరు మీద ముల్లు మాత్రం కదల్లేదు, ఇంకా ఎస్7 దగ్గరే ఉంది. అంటే రొద ఎక్కడికీ పోలేదు, చెవిదాకా రావడం లేదంతే. అందులో పూర్తిగా మునిగిపోయిన బలహీనమైన సిగ్నల్‌ను ఇది పైకి తేలేదు. ఆశపడి ఫిల్టర్ బాగా పెంచితే మాట బిందెలోంచి వస్తున్నట్టుంది. అందుకే తక్కువలోనే ఉంచుతున్నా.

నిన్న రెండు గంటలు విన్నా తలనొప్పి రాలేదు. వంటింట్లోంచీ ఏ మాటా రాలేదు. ధర ఇంకా చెప్పలేదులెండి.